వ్యాలీకి తిరిగొచ్చిన రోజు: చార్ల్‌టన్ అభిమానులతో నా డిసెంబరు 5

లండన్‌లో చార్ల్‌టన్ అథ్లెటిక్ అనే ఫుట్‌బాల్ క్లబ్ అభిమానులకు ఉగాది డిసెంబరు 5న వస్తుంది. వాళ్ళ జట్టు ఏడేళ్ళకు పైగా వేరే క్లబ్బుల మైదానాల్లో తలదాచుకుని, 1992లో ఆ రోజు సొంత మైదానం ‘ది వ్యాలీ’లో మళ్ళీ ఆడింది. 1947లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఎఫ్.ఎ. కప్పు గెలిచిన క్లబ్ ఇది. అయినా ఇక్కడ ఎవరినడిగినా ముందు చెప్పేది కప్పు సంగతి కాదు, ఇంటికి తిరిగొచ్చిన సంగతి. ఈమధ్య ఆ వేడుక ఏర్పాట్లలో మొదటిసారి నేను కూడా చెయ్యి వేశాను. సెప్టెంబరులో మొదలుపెట్టి డిసెంబరు దాకా ఏం చేశామో, ఎలా చేశామో రాసి పెట్టుకోవాలనిపించింది.

మేం ఉద్యోగం రీత్యా హైదరాబాద్ నుంచి వచ్చి చార్ల్‌టన్‌లో అద్దెకు దిగాం. మా ఇంటి నుంచి స్టేడియం ఉన్న ఫ్లాయిడ్ రోడ్డు నాలుగు అడుగులు. మ్యాచ్ ఉన్న శనివారం మధ్యాహ్నం అయితే చాలు, మా కిటికీ కింద ఎర్ర స్కార్ఫులు వరసగా వెళ్ళిపోతుంటాయి. పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నారు, రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మా అమ్మాయిని మొదటిసారి మ్యాచ్‌కి తీసుకెళ్ళింది ఆయనే. ఇంటికొచ్చాక అది నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “నాన్నా, తాతగారు చెప్పారు, ఈ టీమ్‌కి ఏడేళ్ళు ఇల్లు లేదట. ఎవరు గెంటేశారు?” అని. నాకు జవాబు తెలియలేదు. మర్నాడు పెద్దాయన్ని అడిగాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టారు. “కంప్యూటర్ పని తెలిసినవాడివి కదా, ఇవన్నీ స్కాన్ చేసి పెడతావా? డిసెంబరులో కావాలి” అన్నారు. నేను పనిలో దిగింది అలా.

ఆ పెట్టెలో అన్నిటికంటే పైన ఉన్న కాగితం గురించి ముందు చెప్పాలి. అది ఒక కరపత్రం. నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో దాచారు. మడతల దగ్గర కాగితం పలచబడి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే శిలువ ఆకారంలో గీత కనిపించేది. ఒక మూల టీ మరక. 1985 సెప్టెంబరు 7న క్రిస్టల్ ప్యాలెస్ అనే ఇంకో లండన్ క్లబ్‌తో మ్యాచ్‌కి వెళ్ళిన జనం చేతుల్లో క్లబ్ పెట్టిన కాగితం అది. ఇక వ్యాలీలో ఆడబోవడం లేదని, అదే క్రిస్టల్ ప్యాలెస్ వాళ్ళ సెల్‌హర్స్ట్ పార్కుకి మారిపోతున్నామని అందులో ఉంది. దగ్గర దగ్గర డెబ్భై ఏళ్ళుగా ఉన్న ఇంటిని ఖాళీ చేస్తున్నామని సొంత మనుషులకి చెప్పిన తీరు అది. ముందుగా ఒక మీటింగు లేదు, మాటామంతీ లేదు. ఆ కాగితం స్కానర్ మీద పెట్టేటప్పుడు పెద్దాయన నా పక్కనే నిలబడ్డారు. గ్లాసు మూత నన్ను వెయ్యనివ్వలేదు, తనే మెల్లగా దించారు.

ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో ఆ పెట్టెలోని కాగితాలు చదువుతూ నేర్చుకున్నాను. వ్యాలీ అంటే మొదట్లో ఒక గుంత. మట్టి, సుద్ద తవ్వి తీసిన పెద్ద గొయ్యి. 1919లో అభిమానులే పారలు పట్టుకుని చదును చేసి దాన్ని మైదానం చేశారు. చుట్టూ ఉన్న వాలు మీద జనం నిలబడేవారు. తూర్పు వైపు టెర్రేస్, అంటే జనం నిలబడి చూసే మెట్ల వరస, అయితే ఇంగ్లండ్‌లోని క్లబ్ మైదానాల్లోకెల్లా పెద్దవాటిలో ఒకటి. 1938లో ఆస్టన్ విల్లాతో కప్పు మ్యాచ్‌కి 75,031 మంది వచ్చారంటే ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. కాలం గడిచేకొద్దీ జట్టు కింది డివిజన్లకు జారింది, డబ్బు కరిగింది, సిమెంటు మెట్లు పగిలాయి. 1985 మేలో బ్రాడ్‌ఫర్డ్ స్టేడియంలో మంటలు లేచి 56 మంది చనిపోయారు. దాంతో దేశమంతా భద్రత నిబంధనలు బిగించారు. వ్యాలీ తూర్పు టెర్రేస్ మూతబడింది. ఇంకోవైపు, పడమటి స్టాండ్ వెనక ఉన్న స్థలం క్లబ్ మాజీ యజమాని చేతిలో ఉంది, ఆయన దాన్ని వెనక్కి తీసుకున్నాడు. అటు టెర్రేస్ లేదు, ఇటు స్థలం లేదు. 1985 సెప్టెంబరు 21న స్టోక్ సిటీతో చివరి మ్యాచ్ ఆడి, 2-0తో గెలిచి, తలుపులు వేసుకుని వెళ్ళిపోయారు.

తమాషా ఏమిటంటే, అలా వెళ్ళిన మొదటి సీజన్‌లోనే జట్టు పై డివిజన్‌కి ఎక్కింది. మేనేజరు లెనీ లారెన్స్ చేతిలో ఉన్నదాంతోనే ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో నాలుగేళ్ళు నిలబెట్టాడు. ఆటపరంగా అవి మంచి రోజులు. అయినా జనం తగ్గిపోయారు. సెల్‌హర్స్ట్‌కి వెళ్ళాలంటే దక్షిణ లండన్‌ని అడ్డంగా దాటాలి. బస్సులు మారాలి. మ్యాచ్ అయ్యాక తెలిసినవాళ్ళెవరూ లేని వీధుల్లోంచి నడిచి రావాలి. “గెలిచి ఇంటికొచ్చేవాళ్ళం, కానీ ఆడింది ఇంట్లో కాదు” అని పెద్దాయన ఒకసారి అన్నారు.

సెప్టెంబరు చివర్లో ఒక పబ్ మేడ మీద గదిలో మొదటి సమావేశం పెట్టుకున్నాం. పేరూ బోర్డూ ఉన్న సంఘం కాదు, ఏటా ఈ పనికి కలిసే కొందరు. వయసైనవాళ్ళే ఎక్కువ. నేనూ, ఒక నైజీరియా కుర్రాడూ, విశ్వవిద్యాలయంలో చదివే ఒక అమ్మాయీ తప్ప మిగతా అందరూ 1992 మ్యాచ్ చూసినవాళ్ళే. ముందు పెద్ద చర్చే నడిచింది: దగ్గర్లో వచ్చే హోమ్ మ్యాచ్ రోజున చేయాలా, లేక డిసెంబరు 5నే చేయాలా? మ్యాచ్ రోజయితే జనం ఎలాగూ వస్తారు. కానీ జట్టు ఓడిపోతే వేడుక మొహాలు వేలాడిపోతాయి. చివరికి ఒకావిడ టేబుల్ మీద చెయ్యి వేసి, “పుట్టినరోజు పుట్టినరోజునే చేస్తాం, వీలైన శనివారం చెయ్యం” అంది. దాంతో ఆ సంగతి తేలిపోయింది.

పనులు పంచుకున్నాం. ఊరేగింపు అనుమతి, బ్యానర్, భోజనాలు, పాత కాగితాల ప్రదర్శన, ఇంకా జ్ఞాపకాల రికార్డింగు. చివరి రెండూ నాకూ ఆ విద్యార్థిని అమ్మాయికీ వచ్చాయి.

ఊరేగింపు సంగతి త్వరగా చెప్పేస్తాను. వూల్విచ్ టౌన్ హాల్ నుంచి బయల్దేరి, వూల్విచ్ రోడ్డు మీదుగా ఫ్లాయిడ్ రోడ్డులోని స్టేడియం దాకా నడవాలనుకున్నాం. ఫారాలు నింపాం. ఎవరైనా కింద పడితే బాధ్యత ఎవరిదో రాసిచ్చాం. ఫుట్‌పాత్ మీదే నడవాలని, రోడ్డు ఆపకూడదని చెప్పారు, సరేనన్నాం.

టౌన్ హాల్ నుంచే ఎందుకు? మొత్తం కథ మలుపు తిరిగింది అక్కడే కాబట్టి. 1988లో రిక్ ఎవెరిట్ సంపాదకుడిగా ‘వాయిస్ ఆఫ్ ది వ్యాలీ’ అనే అభిమానుల పత్రిక మొదలైంది. తిరిగి వెళ్దాం అన్న మాట ప్రతి సంచికలో ఉండేది. క్లబ్ చేతులు మారింది, కొత్త యజమానులు మైదానాన్ని మళ్ళీ సంపాదించారు. 1989లో టౌన్ హాల్‌లో నిండు సభలో ‘వెనక్కి వెళ్తున్నాం’ అని ప్రకటించారు. ఆ వసంతంలోనే వందలమంది చేతి తొడుగులు వేసుకుని వ్యాలీకి వెళ్ళారు. అప్పటికి టెర్రేస్ మెట్ల మధ్య చెట్లు మొలిచి ఉన్నాయి. కొట్టి, పీకి, పోగు పెట్టి, పిచ్ నడిమధ్యలో మంట వేశారు. తర్వాత 1990 జనవరిలో స్టేడియం ప్లాను గ్రీనిచ్ కౌన్సిల్ ముందుకొచ్చింది. టౌన్ హాల్‌లో కిక్కిరిసిన జనం చూస్తుండగా కమిటీ దాన్ని తోసిపుచ్చింది.

మనవైపైతే ఇలాంటప్పుడు ధర్నా చేస్తాం, కోర్టుకు పోతాం. వీళ్ళు పార్టీ పెట్టారు. పేరు ‘వ్యాలీ పార్టీ’. 1990 మే 3న జరిగిన స్థానిక ఎన్నికల్లో 60 స్థానాలకు అభ్యర్థుల్ని నిలబెట్టారు. తమ ప్లానుకు మద్దతిచ్చిన ఇద్దరు కౌన్సిలర్ల మీద మాత్రం పోటీ పెట్టలేదు. ఆ మర్యాద నాకు భలే నచ్చింది. ఒక్క సీటూ రాలేదు. కానీ 14,838 ఓట్లు వచ్చాయి, పోలైన ఓట్లలో దాదాపు 11 శాతం. ప్లాను తిరస్కరించిన కమిటీ అధ్యక్షుడి సీటు పోయింది. మరుసటేడు కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. ఫుట్‌బాల్ అభిమానులు బ్యాలెట్ పెట్టె దగ్గర గెలిచారని నేను గట్టిగా అంటాను, సీటు రాకపోయినా సరే.

ఇక రికార్డింగులు. నాకు బాగా నచ్చిన పని ఇదే, అన్నిటికంటే కష్టమైనదీ ఇదే. మొదటి ఇంట్లో ఫోన్ టేబుల్ మీద పెట్టి “1992 గురించి చెప్పండి” అన్నాం. ఆయన అందరికీ తెలిసిన నాలుగు ముక్కలు చెప్పి ఆగిపోయారు. పోర్ట్స్‌మత్‌తో మ్యాచ్, 1-0, కోలిన్ వాల్ష్ గోల్, అంతే. మాతో వచ్చిన విద్యార్థిని అమ్మాయి చాలా చురుకైనది. ఒక్క నిమిషం ఆగి, “మైదానానికి ఏ దారిన నడిచి వెళ్ళేవారు?” అని అడిగింది. అంతే, ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. ఏ మలుపు దగ్గర నాన్న కోసం ఆగేవారో, ఏ కొట్టు ముందు వేయించిన ఉల్లిపాయల వాసన వచ్చేదో, ఏ గేటు దగ్గర టర్న్‌స్టైల్ ఇనప కడ్డీ మోకాలికి తగిలేదో అన్నీ వరసగా వచ్చాయి. అప్పట్నుంచి ప్రతి ఇంట్లో మా మొదటి ప్రశ్న అదే. మైదానం గురించి అడిగితే స్కోరు చెప్తారు, దారి గురించి అడిగితే జీవితం చెప్తారు.

ప్లమ్‌స్టెడ్‌లో ఒక ముసలావిడ ఇంటికి వెళ్ళాం. వాళ్ళాయన పోయారు. 1990 ఎన్నికల్లో ఆయన తలుపు తలుపూ తట్టి ఓట్లడిగాడట, పాపని తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని. “మీ పార్టీ విధానం ఏమిటి, చెత్త ఎత్తడం గురించి ఏమంటారు అని అడిగేవారు. ఆయనకి ఒక్కటే విధానం తెలుసు, మైదానం” అని నవ్వింది. మైదానం పనులకి అభిమానులే డబ్బు పెట్టుబడిగా ఇచ్చే పథకం ఒకటి పెట్టినప్పుడు, వంటిల్లు బాగుచేయించుకోవడానికి దాచిన డబ్బు ఇచ్చేశారట. ఆ పాత వంటింట్లోనే ఇంకా కొన్నేళ్ళు వండింది. అది చెప్తున్నప్పుడు ఆవిడ గొంతులో చిరాకు లేదు, గర్వమే ఉంది.

టీ ఇస్తూ నన్ను అడిగింది, “మీ ఊళ్ళో మీ టీమ్ ఎక్కడ ఆడేది?” అని.

హైదరాబాద్ ఎఫ్.సి. గురించి చెప్పాను. సొంత మైదానం గచ్చిబౌలి. 2022 మార్చిలో ఐ.ఎస్.ఎల్. (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది, కేరళ బ్లాస్టర్స్ మీద, పెనాల్టీల్లో. కానీ కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. అంటే మా ఊరు ఛాంపియన్ అయిన ఏడు మా ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా లేదు. టీవీలో చూసి కేకలు వేశాం. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. ఆవిడ కప్పు కింద పెట్టి, “అప్పుడు అడగడానికి జనం వెళ్ళారా?” అంది. అక్కడా మనసు కష్టపెట్టుకున్నవాళ్ళు ఉన్నారని చెప్పాను. పాపం ఆరేళ్ళ క్లబ్బు అది. తాతలు నడిచిన దారి అంటూ ఇంకా ఏర్పడలేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించీ, దాన్ని తీర్చిదిద్దిన రహీమ్ సాబ్ గురించీ చెప్పాను. ఆయనే కోచ్‌గా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచిందని చెప్తే, రికార్డింగు ఆపకండి, ఇది కూడా ఉండనివ్వండి అంది. అది ఇప్పటికీ ఆ ఫైల్లో ఉంది.

ఇంకో రోజు అప్టన్ పార్కు వైపు వెళ్ళాం. 1991-92 సీజన్ నుంచి చార్ల్‌టన్ సెల్‌హర్స్ట్ వదిలేసి, నది అవతల వెస్ట్ హామ్ వాళ్ళ మైదానంలో అద్దెకు ఆడింది. ఈ ప్రాంతం లండన్ తెలుగువాళ్ళకు కొట్టిన పిండి. ఈస్ట్ హామ్‌లో ఇడ్లీ తిని, గ్రీన్ స్ట్రీట్‌లో గోంగూర, బెండకాయలు కొనుక్కునే చోటు. నేను సంచి పట్టుకుని ఎన్నోసార్లు నడిచిన వీధిలోనే ఒకప్పుడు మా పక్కింటి పెద్దాయన తన జట్టుని చూడ్డానికి నడిచారని అప్పుడే తెలిసింది. ఇప్పుడక్కడ మైదానం లేదు. వెస్ట్ హామ్ 2016లో ఒలింపిక్ స్టేడియానికి వెళ్ళిపోయింది, పాత మైదానం పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. పెద్దాయన ఆ అపార్ట్‌మెంట్ల ముందు నిలబడి ఒక ఫోటో తీయమన్నారు. ప్రదర్శనలో ఆ ఫోటో పెట్టాలని పట్టుబట్టారు. వ్యాలీకి కూడా ఇదే జరిగేదని పిల్లలకి తెలియాలట. నిజమే. వింబుల్డన్ క్లబ్బుని మిల్టన్ కీన్స్‌కి తీసుకెళ్ళడానికి 2002లో అనుమతి దొరికితే, అభిమానులు అప్పుడే కొత్త క్లబ్ పెట్టుకుని, కింద నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ తమ పాత చోటు ప్లౌ లేన్‌కి తిరిగి రావడానికి 2020 దాకా పట్టింది. అందరికీ అదృష్టం ఉండదు, అందరికీ ఓపికా ఉండదు.

నవంబరులో బ్యానర్ పని. రెండు పాత దుప్పట్లు కలిపి కుట్టాం. చర్చి హాల్లో నేల మీద పరిచి, కింద వార్తాపత్రికలు వేశాం. ఎర్ర రంగు అక్షరాలు. నైజీరియా కుర్రాడు సుద్దముక్కతో గీతలు గీస్తే మేం నింపుతూ పోయాం. మా అమ్మాయి ఎడం వైపు మూల పూర్తిచేసింది, మోకాళ్ళ నిండా రంగు. చలికాలం కదా, ఎంతకీ ఆరలేదు. మర్నాడు హీటరు దగ్గర కుర్చీల మీద ఆరేసి, వాళ్ళూ వీళ్ళూ వంతులు వేసుకుని కాపలా కాశాం. ఏం రాయాలన్నదానిమీద మళ్ళీ పెద్ద వాదన. చివరికి రెండు తేదీలు మాత్రమే రాశాం: వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ. లెక్కేస్తే మధ్యలో 2,632 రోజులు. ఆ అంకె కింద చిన్నగా వేశాం.

డిసెంబరు 5 రానే వచ్చింది. పనిరోజు. సగం రోజు సెలవు పెట్టాను. టౌన్ హాల్ మెట్ల దగ్గర ఓ యాభై, అరవై మంది ఉంటారేమో అనుకున్నాం, అంతకు బాగా మించి వచ్చారు. చేతికర్రలతో వచ్చినవాళ్ళున్నారు, చంకలో పిల్లల్ని వేసుకుని వచ్చినవాళ్ళున్నారు. సన్నగా చినుకులు. మాతో మాట్లాడిన ప్లమ్‌స్టెడ్ ముసలావిడ చక్రాల కుర్చీలో వచ్చింది, ఆ కుర్చీని తోస్తున్నది ఒకప్పుడు తోపుడు బండిలో తిరిగిన ఆ పాపే. నాకు ఒళ్ళు పులకరించింది.

నడుస్తూ పాడారు. ఫ్లాయిడ్ రోడ్డు పేరు వచ్చే ఆ పాట నాకూ సగం వచ్చేసింది. మా అమ్మాయికి పూర్తిగా వచ్చు. ఫుట్‌పాత్ మీదే పోయాం గానీ, బస్సు డ్రైవర్లు హారన్ కొట్టి పలకరిస్తూ పోయారు. ఒక మంగలిషాపులోంచి సగం గెడ్డం గీయించుకున్న మనిషి బయటికొచ్చి చప్పట్లు కొట్టాడు, మెడ చుట్టూ తువ్వాలు అలాగే ఉంది.

స్టేడియం ముందు సామ్ బార్ట్రమ్ విగ్రహం ఉంది. క్లబ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఆడిన గోల్‌కీపరు ఆయన. అక్కడ ఆగాం. మాటలు పెద్దగా లేవు. 1992 నాటి సంగతి పెద్దాయన చదివారు. జనం 8,337 మంది. స్టేడియం సగం కట్టుబడిలోనే ఉంది. ఆటగాళ్ళు తాత్కాలిక గదుల్లో బట్టలు మార్చుకున్నారు. ఆ సెప్టెంబరులోనే మంచి ఆటగాడు రాబర్ట్ లీని న్యూకాజిల్‌కి అమ్ముకోవాల్సి వచ్చింది, ఆ డబ్బు అంత అవసరమైంది. అలన్ కర్బిష్లీ, స్టీవ్ గ్రిట్ ఇద్దరూ కలిసి మేనేజర్లు. ఏడో నిమిషంలో కోలిన్ వాల్ష్ ఎడమ కాలితో గోల్ కొట్టాడు. మిగతా ఎనభై మూడు నిమిషాలు ఆ ఒక్క గోల్‌ని కాపాడుకున్నారు. అంతే జరిగింది ఆ మ్యాచ్‌లో. చదువుతుంటే అక్కడ నిలబడినవాళ్ళలో సగంమంది కళ్ళు తుడుచుకున్నారు, మగా ఆడా తేడా లేకుండా.

తర్వాత హాల్లో భోజనాలు. క్లబ్ తొలి రోజుల్లో ఊళ్ళోని చేపల కొట్టాయన ఆటగాళ్ళకి హాడక్ చేప పెట్టేవాడట, అందుకని ఈ వేడుకలో హాడక్, చిప్స్ తప్పనిసరి. మా ఆవిడ మిరపకాయ బజ్జీలు వేసి పంపింది, చలికి అవి ముందే ఖాళీ అయ్యాయి. గోడ మీద పాత కాగితాలన్నీ వరసగా అతికించాం. 1985 కరపత్రం అసలుది పెట్టలేదు, నకలు పెట్టాం. అసలుది పెద్దాయన జేబులోనే ఉంది. ఎవరైనా చూస్తామంటే తనే తీసి చూపించారు, ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఒక మూల రికార్డింగులు వినడానికి హెడ్‌ఫోన్లు పెట్టాం. అక్కడ కుర్రవాళ్ళు బారులు తీరారు. ఒక కుర్రాడు హెడ్‌ఫోన్లు తీసి, వాళ్ళ తాతయ్య గొంతు విని, ఆయన వైపు తిరిగి “నువ్వు కూడా ఆ మంట వేసినప్పుడు ఉన్నావా, ఎప్పుడూ చెప్పలేదేం?” అని అడిగాడు. “నువ్వు అడగలేదు కదా” అన్నాడాయన. ఇద్దరూ అక్కడే కుర్చీలు లాక్కుని కూర్చున్నారు.

ఇంతకీ ఇదంతా పాత కథే కదా, ఇప్పుడెందుకు అనేవాళ్ళకి నేనొకటి చెప్పగలను. తిరిగొచ్చాక ఈ క్లబ్ 1998లో ప్రీమియర్ లీగ్‌కి ఎక్కింది. వెంబ్లీలో సండర్లాండ్‌తో 4-4, పెనాల్టీల్లో 7-6. క్లైవ్ మెండొంకా మూడు గోల్స్ కొట్టాడు. తర్వాత మళ్ళీ మూడో అంచెకు జారింది. 2025 మేలో లేటన్ ఓరియంట్‌ని ఓడించి రెండో అంచెకు వచ్చింది. ఈ ఎక్కడాలు దిగడాల మధ్య 2020లో క్లబ్ చేతులు మారినప్పుడు, మైదానం మాత్రం పాత యజమాని దగ్గరే ఉండిపోయింది. క్లబ్ ఒకరిది, నేల ఒకరిది అయిన రోజున 1985లో ఏమైందో ఇక్కడ ప్రతి ఒక్కరికీ గుర్తే. డిసెంబరు 5ని వీళ్ళు అంత పట్టుదలగా జరుపుకోవడానికి ఆ భయం కూడా ఒక కారణమని నాకు అర్థమైంది. పిల్లల చేతికి పాత కాగితాలు అందిస్తున్నారంటే, అవసరమైతే మళ్ళీ ఎలా చెయ్యాలో నేర్పి పెడుతున్నారన్నమాట.

వారం తర్వాత మళ్ళీ పబ్ మేడ మీద కలిసి లెక్కలు చూసుకున్నాం. విరాళాల్లో మిగిలిన డబ్బుతో ఒక మంచి మైకు కొన్నాం. వచ్చే ఏడాదికి 1989లో మైదానం శుభ్రం చేసినవాళ్ళందరినీ వెతికి పట్టుకోవాలని నిర్ణయించాం. పెద్దాయన చేతిరాతతో ఒక జాబితా ఇచ్చారు. కొన్ని పేర్ల పక్కన చుక్క పెట్టారు, వాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళమని, వయసు మీద పడిందని.

ఈలోగా నేను ఇంకో పని మొదలుపెట్టాను. హైదరాబాద్‌లో మా పెద్దనాన్నకి ఫోన్ చేశాను. చిన్నప్పుడు ఫతే మైదాన్‌లో ఫుట్‌బాల్ చూశానని ఎప్పుడూ అంటుంటారు, మేమెవరం వివరంగా అడిగింది లేదు. “పెద్దనాన్నా, మైదానానికి ఏ దారిన వెళ్ళేవారు?” అన్నాను. కాచిగూడ నుంచి మొదలుపెట్టారు. నారాయణగూడ చేరేసరికే నాకు ఆఫీసు టైమైపోయింది. మిగతాది వాయిస్ మెసేజీల్లో పంపుతున్నారు, రోజుకొకటి చొప్పున. అన్నీ రాసి పెడుతున్నాను. మీ ఇళ్ళల్లో ఆ రోజుల మ్యాచ్‌లు చూసినవాళ్ళు, ఆడినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడగండి, ఫోన్లో రికార్డు నొక్కడం మాత్రం మరవకండి.